వశిష్ఠ ఒడ్డున పుట్టిన బుడుగు

అంతర్వేది: సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళుతుంటే, ఒక ముసలమ్మగారు మనవణ్ణి రెక్క పట్టుకుని లాగుతూ "ఒరే బుడుగూ, ఆ కమ్మీ ఎక్కకురా, గోదాట్లో పడిపోతావ్" అని కేకలేస్తోంది. వాడు దిగలేదు సరిగదా, "బుడుగంటే ఎవడే మామ్మా?" అని ఎదురడిగాడు. "ఎవడేంట్రా, నీలాంటోడే" అందావిడ. మాట కలిపితే తెలిసింది, ఆవిడకు అక్షరం ముక్క రాదు. బుడుగు అనే పుస్తకం ఒకటుందన్న సంగతీ తెలియదు. అల్లరి పిల్లాణ్ణి అలా పిలుస్తారని మాత్రం తెలుసు.

బుడత, బుడతడు అనే మాటలు మనకు ఎప్పటినుంచో ఉన్నవే. కాని బుడుగు అనగానే ఒక మొండి ముఖం కళ్ళముందు నిలబడుతుంది. పుస్తకంలో పుట్టినవాడు చదువురాని వారి నోటికి కూడా ఎక్కడం సామాన్యమైన విషయం కాదు. పెద్దవాళ్ళలో గిరీశానికి, బారిష్టరు పార్వతీశానికి ఆ యోగం పట్టింది (పార్వతీశంగారిది మన అవతలి ఒడ్డున ఉన్న మొగల్తూరే సుమా). పిల్లల్లో ఆ భోగం బుడుగుది.

బుడుగును రాసిన ముళ్ళపూడి వెంకటరమణ 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. బొమ్మలు వేసిన బాపు, అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933లో నరసాపురంలో పుట్టారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలి వశిష్ఠ పాయ బయల్దేరుతుంది. నరసాపురం దాటి ఇక్కడ, మన అంతర్వేది దగ్గర, సముద్రంలో కలుస్తుంది. అంటే పాయ మొదట్లో రాసినాయన, చివర్లో గీసినాయన. ఇద్దరూ కలుసుకున్నది మాత్రం గోదావరి మీద కాదు, మద్రాసు బడిలో. 1945లోనే "బాల" పత్రికలో రమణ రాసిన కథకు బాపు బొమ్మ వేశారు. 1950ల నడుమ ఆంధ్ర సచిత్ర వారపత్రికలో బుడుగు వచ్చింది. రమణ 2011లో, బాపు 2014లో కన్నుమూశారు. బుడుగుకు మాత్రం ఇంకా బడి ఎగ్గొట్టే వయసే.

వాడు చేసే ఘనకార్యాలు పెద్దగా ఏమీ లేవు. ఇంట్లో రాధ, గోపాళం, బామ్మ, బాబాయి. ప్రైవేటు చెప్పడానికి వచ్చే మేష్టర్లు. పక్కింటి లావుపాటి పిన్నిగారు, ఆవిడ ముగుడు. బాబాయి చూపంతా రెండుజెళ్ళ సీత వైపు. అందరూ మన వీధిలో వాళ్ళే. అయితే పిల్లల గురించి పెద్దలు రాసిన పుస్తకాలు అప్పటికే ఎన్నో ఉన్నాయి గాని, పిల్లాడే కూర్చుని పెద్దల గురించి తీర్పులు చెప్పడం ఇక్కడ చూశాం. అదీ వాడి సొంత భాషలో.

ఆ భాష గురించి నా సంగతి ఒకటి చెప్పాలి. చిన్నప్పుడు బళ్ళో వ్యాసం రాయమంటే "తీర్తంలో జీళ్ళు కొనుక్కున్నాం" అని రాశాను. మేష్టారు అరచేతి మీద రెండు వడ్డించారు. భీష్మ ఏకాదశికి రథం చూడబోయే మా ఇంటివాళ్ళు గాని, జీళ్ళమ్మే మనిషి గాని "తీర్థం" అని ఒత్తి పలకగా నేను వినలేదు. విన్నది విన్నట్టు రాస్తే తప్పెలా అయిందో బోధపడలేదు. ఆ తర్వాత చాన్నాళ్ళు వ్యాసం అంటే అరచెయ్యి చురుక్కుమనేది. తోచిన మాట మానేసి, తప్పురాని మాటే రాసేవాణ్ణి.

అలాంటి రోజుల్లో గ్రంథాలయంలో బుడుగు చేతికొచ్చింది. మొగుడు అని ఉండాల్సిన చోట ముగుడు అని అచ్చయి ఉంది. ప్రైవేటు కాస్తా ప్రెవేటు. శ్రీ జ్ఞానప్రసూనాంబ నోరు తిరక్క సీగానపెసూనాంబ అయి కూర్చుంది. "వీణ్ణెవరూ కొట్టలేదేం?" అనుకున్నాను. నవ్వు ఆ తర్వాత వచ్చింది. ఆనాటి నుంచి ముందు తోచింది తోచినట్టు రాసుకుని, ఒత్తులు తర్వాత చూసుకోవడం అలవాటైంది. ఈ నాలుగు ముక్కలూ అలా రాస్తున్నవే.

రమణకు ఒప్పుగా రాయడం రాక అలా రాశారా? పిల్లల చెవికి ఏ అక్షరం ఎలా వినిపిస్తుందో తూచి మరీ తప్పు రాశారు. అందుకే ఆ పుస్తకం కళ్ళతో చదివితే సగమే అందుతుంది. పైకి చదివితే వాడు గదిలోకి వస్తాడు.

బుడుగు ప్రభావం పుస్తకం దాటి చాలా దూరం పోయింది. నరసాపురంలోనే పుట్టిన జంధ్యాల 1983లో తీసిన సినిమాకు "రెండుజెళ్ళ సీత" అని పేరు పెడితే, అదేమిటని ఎవరూ అడగలేదు.

ఒక లోటు కూడా చెప్పుకోవాలి. బుడుగు ఇల్లు ప్రైవేటు మేష్టారును పెట్టుకోగల ఇల్లు. తెల్లవారుజామున వలలు దులిపే పల్లిపాలెం పిల్లలకు, కొబ్బరి దింపు రోజున బడి మానేసే పిల్లలకు అందులో తమ ఇల్లు కనిపించదు. వాళ్ళ మాటను వాళ్ళ ఒత్తులతోనే అచ్చు వేసి, అంతమంది నవ్వుకునేలా చేసిన పుస్తకం ఇంకా రావలసే ఉంది.

ఇప్పటి పిల్లల చిక్కు వేరు. ఇంగ్లీషు మీడియం చదువులో తెలుగు ఒక సబ్జెక్టు. పరీక్షకు కావలసినంత చదువుతారు. కూడబలుక్కుంటూ చదివే పిల్లకు నవ్వు రావడానికి తీరిక ఉండదు. కావాలని రాసిన తప్పుకు నవ్వాలంటే ఒప్పు తెలిసి ఉండాలి గదా. ఈ పని చెయ్యగలవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళే. అదీ రాత్రి భోజనాలయ్యాక, టీవీ కట్టేసి.

మొన్న ఇక్కడ ఒక బంధువుల ఇంటి అరుగు మీద నేనే ప్రయత్నించాను. అయిదారుగురు పిల్లలు చేరారు. మొదటి పేజీకి ఒకడు లేచి వెళ్ళిపోయాడు. ప్రెవేటు మేష్టారు వచ్చేసరికి తిరిగొచ్చాడు. కాసేపటికి నాలుగో తరగతి పిల్ల ఒకతె పుస్తకం నా చేతిలోంచి లాక్కుని తనే వేలు పెట్టి చదవసాగింది. "ముగుడు" దగ్గర ఆగింది. తప్పనుకుని పెన్సిలు తీసి కొమ్ము కొట్టేయబోయింది.

"దిద్దకే అక్కా" అన్నాడు పక్కనున్న తమ్ముడు. "ఆడలాగే అంటాడు."