నడుము డిస్కు మార్పిడి: డబ్బు కట్టే ముందు తెలుసుకోవలసినవి

వైద్య సహాయం కోరుతూ వచ్చే అర్జీల్లో నడుము నొప్పి అర్జీతో ఒక ఇబ్బంది ఉంది. గుండె ఆపరేషన్, డయాలిసిస్ అంటే దాతకు సందేహం రాదు. ఇవ్వకపోతే మనిషి దక్కడు. నడుము నొప్పితో ప్రాణం పోదు గాని బతుకు ఆగిపోతుంది. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ, పొద్దస్తమానం మిషన్ మీద వంగి కుట్టే దర్జీ, అద్దె ఆటో నడిపే కుర్రవాడు ఆరు నెలలు పనికి వెళ్లకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అర్జీకి ఎం.ఆర్.ఐ. రిపోర్టు, లక్షల్లో ఎస్టిమేటు జతచేసి ఉంటాయి. "డిస్కు అరిగిపోయిందట, కొత్తది వేయాలట" అంటారు. మోకాలి కీలు మార్చినట్టే ఇదీ అనుకుని మనసున్న దాత చెక్కు రాయబోతాడు. అయితే మోకాలి మార్పిడి మీద ఉన్న ఏకాభిప్రాయం నడుము డిస్కు మార్పిడి మీద డాక్టర్లలోనే లేదు.

వెన్నెముకలో పూసకూ పూసకూ మధ్య మెత్తల్లా ఉండేవి డిస్కులు. మొత్తం 23. చుట్టూ గట్టి నార ఉంగరం, లోపల నీరు నిండిన జిగురులాంటి పదార్థం. వయసుతో పాటు ఆ నీరు తగ్గి డిస్కు పలచబడుతుంది. బరువు ఎక్కువగా పడేది నడుములోని చివరి రెండు డిస్కుల మీద. రిపోర్టుల్లో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అని తరచుగా కనిపించేవి అవే.

"డిస్కు ఆపరేషన్" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు ఆపరేషన్లు నడుస్తున్నాయి. డిస్కు బయటికి ఉబికి కాలి నరాన్ని నొక్కుతుంటే ఆ ఉబికిన ముక్కను మాత్రమే తీసేయడం ఒకటి. ఇది మిగతావాటికంటే చిన్నది. పిరుదు నుంచి పాదం దాకా లాగే సయాటికా నొప్పికి బాగా పనిచేస్తుంది. రెండు పూసలను స్క్రూలు, కడ్డీలతో బిగించి ఒకే ఎముకగా అతుక్కునేలా చేసే ఫ్యూజన్ రెండోది. డిస్కును మొత్తంగా తీసి ఆ చోట లోహం, ప్లాస్టిక్‌తో చేసిన కృత్రిమ డిస్కు పెట్టడం మూడోది. తనకు చేయబోయేది ఇందులో ఏదో అర్జీదారుకే చాలాసార్లు తెలియదు. ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. మెడ డిస్కు మార్పిడి వేరే విషయం, దాన్ని ఇందులో కలపకూడదు. ఇక్కడ చెప్పేదంతా నడుము గురించే.

కృత్రిమ డిస్కు ఆలోచన పాతదే. స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రామ్ అనే సర్జన్ పూసల మధ్య స్టీలు గోళీలు పెట్టి చూశాడు. అవి కొంతకాలానికి ఎముకలోకి దిగబడిపోవడంతో ఆ పద్ధతి మూలపడింది. 1980ల్లో తూర్పు బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో కరీన్ బ్యూట్‌నర్-యాంట్స్, కుర్ట్ షెల్నాక్ అనే డాక్టర్లు రెండు లోహపు పలకల మధ్య జారే ప్లాస్టిక్ బిళ్లతో కొత్త డిస్కు తయారుచేశారు. 1984లో దాన్ని తొలిసారి రోగికి అమర్చారు. ఆ డాక్టరమ్మ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన మనిషి. నడుము వంగడం విలువ ఆమెకు వేరే చెప్పనక్కరలేదు. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ డిస్కుకు అనుమతి ఇచ్చింది. అనుమతి కోసం జరిపిన పరీక్షలో దాన్ని పోల్చింది ఫ్యూజన్‌తో. ఫ్యూజన్‌కు తీసిపోదని తేలింది. కానీ ఉత్త నడుము నొప్పికి ఫ్యూజన్ ఎంతవరకు పనిచేస్తుందన్నదే అసలు వివాదం!

ఆపరేషన్ చేయని చికిత్సతో పోల్చి చూసిన పరీక్ష నార్వేలో జరిగింది. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏడాదికి పైగా నొప్పితో ఉన్న 173 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు డిస్కు మార్చారు. రెండో జట్టుకు కొన్ని వారాల పాటు వ్యాయామం, నొప్పి గురించిన అవగాహన, భయం పోగొట్టే సలహాలు కలిపి గట్టి శిక్షణ ఇచ్చారు. రెండేళ్ల తర్వాత రెండు జట్లూ కోలుకున్నాయి. ఆపరేషన్ జట్టు కొంచెం ముందుంది. నూరు పాయింట్ల కొలతలో తేడా సుమారు 8. రోగికి స్పష్టంగా తెలిసేంత తేడా అనాలంటే 10 పాయింట్లు ఉండాలని పరిశోధకులు ముందే అనుకున్నారు. ఎనిమిదేళ్లకు చూసినా ఆ తేడా కొంత మిగిలే ఉంది. కనుక ఆపరేషన్ దండగ అనడం న్యాయం కాదు. అయితే అదే పరీక్షలో ఒక రోగికి మళ్లీ ఆపరేషన్ చేయవలసి వచ్చినప్పుడు రక్తనాళం దెబ్బతిని, మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చింది.

అలాంటి ప్రమాదం ఎందుకు వస్తుందంటే, కృత్రిమ డిస్కు పెట్టేది వీపు వైపు నుంచి కాదు, పొట్ట వైపు నుంచి. కాళ్లకు వెళ్లే పెద్ద రక్తనాళాలను పక్కకు జరిపి వెన్నెముకను చేరాలి. మొదటిసారి అది అనుభవజ్ఞులకు సాధ్యమే. రెండోసారి అదే దారిలో వెళ్లాలంటే రక్తనాళాలు మచ్చకట్టి అతుక్కుని ఉంటాయి. మగవారిలో కొందరికి వీర్యస్ఖలనంలో తేడా వచ్చి సంతానానికి అడ్డు కావచ్చు. పెళ్లి కావలసిన కుర్రవాడికి ఈ మాట ముందే చెప్పాలి, సిగ్గుపడి దాచకూడదు.

ఇంగ్లండులో వైద్య ప్రమాణాలు నిర్ణయించే సంస్థ నైస్, నడుము నొప్పికి డిస్కు మార్పిడి చేయవద్దని 2016లో సూచించింది. అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ 2007 నుంచి 60 ఏళ్లు దాటినవారికి ఈ ఖర్చు భరించడం లేదు. మరోపక్క జాగ్రత్తగా ఎంచిన కొందరికి మేలు జరుగుతోందని దీన్ని చేస్తున్న సర్జన్లు చెబుతారు. ఎంచడంలోనే ఉంది అంతా. ఒకటి, మహా అయితే రెండు డిస్కులే చెడి ఉండాలి. ఎముక గట్టిగా ఉండాలి. వెనుక వైపు చిన్న కీళ్లు అరగకుండా ఉండాలి. పూస జారడం, వెన్ను వంకర, ఇన్ఫెక్షన్ ఉండకూడదు. ఏళ్ల తరబడి మోత పని చేసినవాడికి ఆ చిన్న కీళ్లు మిగిలి ఉండటమే అరుదు. బస్తాలు మళ్లీ మోయడానికే ఆపరేషన్ అనుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఎం.ఆర్.ఐ. గురించి ఒక మాట. మూడు వేల మందికి పైగా నొప్పి లేని మనుషుల స్కాన్‌లను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. 20 ఏళ్ల వయసులోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. 80 ఏళ్లకు 96 శాతం. ఏ నొప్పీ లేనివారికే ఇలా ఉంటే, రిపోర్టులో "డిస్కు డీజనరేషన్" అని ఉన్నంత మాత్రాన నొప్పికి కారణం అదేనని చెప్పలేం. ఫిల్మును కాదు, మనిషిని పరీక్షించి చెప్పే డాక్టరు మాటకు విలువివ్వాలి.

మన దగ్గర నాకు పెద్ద లోటుగా కనిపించేది మరొకటి. ఫిజియోథెరపీ చేయించామని అర్జీలో రాస్తారు. విచారిస్తే పది రోజులు కరెంటు పెట్టించుకుని, బెల్టు కట్టుకుని ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు నడుము బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా వాడవద్దంటున్నాయి. క్రమం తప్పని వ్యాయామం, అవగాహన, మనసుకు ధైర్యం కావాలంటున్నాయి. మూడు నెలలు ఇది సరిగ్గా చేయాలంటే కూలి మనిషికి మూడు నెలలు ఇల్లు గడవాలి. ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు. ఆపరేషన్‌కైతే ఫొటో వేసి విరాళం అడగవచ్చు. వ్యాయామం చేస్తున్నవాడి ఇంటికి బియ్యం, అద్దె, పిల్లల ఫీజు అడిగితే అంత కదిలింపు ఉండదు. ఎస్టిమేటు మొత్తంలో చిన్న భాగంతో ఆ మూడు నెలలూ గడుస్తాయి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే ఆపరేషన్ దారి మూసుకుపోదు.

ఆగకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట తిమ్మిరి, కాలు రోజురోజుకూ బలహీనపడటం ఉంటే కమిటీ సమావేశం దాకా కాదు, ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట నొప్పి ఉంటే వెన్నెముక క్షయ గాని, కేన్సర్ గాని కాదని ముందు తేల్చాలి. క్షయ మన దేశంలో అరుదు కాదు, దానికి మందులున్నాయి.

నమాజులో రుకూకు వంగగలనా, సజ్దా చేయగలనా అని రోగులు అడుగుతుంటారు. ఫ్యూజన్ చేస్తే నడుము కర్రలా బిగుసుకుంటుందన్న భయంతోనే కొందరు డిస్కు మార్పిడి వైపు మొగ్గుతారు. నిజానికి ముందుకు వంగడంలో తుంటి కీళ్ల పాత్ర ఎక్కువ. ఒక్క చోట ఫ్యూజన్ జరిగినంత మాత్రాన వంగలేని స్థితి సాధారణంగా రాదు. నొప్పి ఉన్నన్నాళ్లు కుర్చీ మీద నమాజు చేసుకునే వెసులుబాటు ఉండనే ఉంది. ఈ ఒక్క కారణంతో ఖరీదైన ఆపరేషన్ ఎంచుకోనక్కరలేదు.

అర్జీ పరిశీలించేవారు రెండో అభిప్రాయం తప్పక కోరాలి. అది ఆ ఆపరేషన్ తాను చేయబోని డాక్టరు నుంచి రావాలి. హైదరాబాద్ నిమ్స్, విశాఖ కె.జి.హెచ్. వంటి బోధనాసుపత్రుల ఆర్థోపెడిక్, న్యూరోసర్జరీ ఓ.పి.లలో దీనికి అయ్యే ఖర్చు తక్కువ. ఎస్టిమేటులో ఇంప్లాంటు పేరు, కంపెనీ, ధర విడిగా రాయించుకోవాలి. ఈ ఆపరేషన్ ఇప్పటికి ఎన్ని చేశారని సర్జన్‌ను అడగడం అమర్యాద కాదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ చికిత్స వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు. చివరికి ఆపరేషనే సరైనదని తేలితే, మంజూరు చేసే మొత్తంలో ఆసుపత్రి బిల్లుతో పాటు ఆ తర్వాతి నెలల ఇంటి ఖర్చు, ఫిజియోథెరపీ, బరువు మోయనక్కరలేని వేరే పని చూపించడానికయ్యే పెట్టుబడి కూడా కలిపి లెక్కవేయాలి.