పిండిని కొలచుటయా, తూచుటయా?

నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఈ లెక్క గ్రామములలోని పెద్దలకు కంఠస్థమే. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు క్రమముగా అమలునకు వచ్చినను, వంటయింటిలో పిండిని నేటికిని గిన్నెతోనే కొలచుచున్నారు. ఇంటివరకు అందు దోషము లేదు. మహిళా సంఘము వారు రొట్టెలు, బిస్కత్తులు చేసి అమ్మదలచినప్పుడే చిక్కు వచ్చును.

నీరు గిన్నెలో అణగదు; పిండి అణగును. 240 మిల్లీలీటర్లు పట్టు గిన్నెను మైదాతో తేలికగా నింపి, అంచుకు సమముగా గీసినచో సుమారు 120 గ్రాములు తూగును. అదే గిన్నెను సంచిలో ముంచి అదిమినచో 150 గ్రాములైనను కావచ్చును. నాలుగు గిన్నెలకు 120 గ్రాములు, అనగా మరియొక గిన్నెడు పిండి, అధికముగా పడినదన్నమాట! రొట్టె గట్టిపడును. నష్టము సంఘమునకు, నింద పొయ్యికి.

కావున వాడుక గిన్నెను ముందు ఖాళీగా తూచి, పిమ్మట పిండితో తూచి, మొదటి తూకమును తీసివేయవలెను. ఇట్లు మూడుసార్లు చేసి సగటు కట్టినచో గిన్నెకు ఎన్ని గ్రాములో తేలును. గోధుమపిండికి, శనగపిండికి విడివిడిగా తూచవలెను. పంచదార అదే గిన్నెకు 200 గ్రాములు తూగును గనుక ఒకదాని లెక్క మరియొకదానికి పనికిరాదు. ఆ అంకెలను గోడపై వ్రాసి, ఇక గిన్నెను ప్రక్కన పెట్టవచ్చును.

సంఘము వారు పొయ్యికై సహాయము కోరివచ్చినప్పుడు, త్రాసు ఉన్నదా యని సభ్యులు ముందుగా అడుగవలెను. అమ్మకమునకు వాడు త్రాసుపై తూనికలు, కొలతల శాఖ వారి ముద్ర ఉండవలెను.