ఆ పదిహేను శాతం ఏమైంది?

సోమవారం సాయంత్రం ఎడిటర్ గారి ఫోన్. "రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాల కోసం సర్కారు తీసుకున్న రైతుల భూముల మీద ముఖచిత్ర కథనం రాయండి. శుక్రవారం పొద్దుటికల్లా కాపీ అందాలి. పాత రన్‌వే ఫొటో దొరికితే ఇంకా మంచిది" అన్నారు. సరేనన్నాక గుర్తొచ్చింది, నేనుండేది ఏన్కూరులో. తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే రోడ్డు, రోడ్డు పక్కన పత్తి, మిర్చి చేలు, ఆ వెనక అడవి. ఇక్కడ నేను రన్‌వేని ఎక్కడని వెతకను?

పైగా 1942లో మాది నిజాం ఇలాకా. గోదావరి దాటితే భద్రాచలం, అది మద్రాసు ప్రభుత్వం కింద తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1959లో గానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు. మా వైపు భూమి తీసుకోవాలంటే నిజాం సర్కారు ఫసలీ లెక్కలో 1309 నాటి హైదరాబాద్ భూసేకరణ చట్టం ఉండేది. తెల్లవాళ్ల యుద్ధకాలపు నిబంధనలు బ్రిటిష్ ఇండియాకు. కాబట్టి ఈ కథ నిజాం హద్దుకు అవతల, కోస్తాలో నడిచింది. ఇవతల కూర్చుని చదువుతున్నవాణ్ణి నేను.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. తూర్పు తీరానికి విమానాల రక్షణ కరువని అందరికీ తెలిసిపోయింది. దేశమంతటా వందల సంఖ్యలో విమాన మైదానాల పని మొదలైంది. మన కోస్తాలో తాడేపల్లిగూడెం, దొనకొండ రన్‌వేలు ఆ యుద్ధకాలానివే. గన్నవరం అప్పట్లో సైన్యానికి స్థావరం. చరిత్రకు ఇంతే చోటు. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది.

అది డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో 75-ఎ నిబంధన. సర్కారుకు అవసరమని తోస్తే ఒక్క రాతపూర్వకమైన ఉత్తర్వుతో ఏ ఆస్తినైనా స్వాధీనం చేసుకోవచ్చు. అంతవరకు యుద్ధంలో ఎవరైనా చేసేదే. ఆ తర్వాతి మాట చూడండి. అలా తాత్కాలికంగా తీసుకున్నదాన్ని శాశ్వతంగా సొంతం చేసుకోవాలంటే యజమానికి నోటీసు ఇస్తే చాలు. నోటీసు అందిన రోజు 'మొదలవడంతోనే' ఆ భూమి సర్కారుకు దఖలు పడుతుంది. అంటే మధ్యాహ్నం కచేరీ బంట్రోతు వచ్చి కాగితం చేతిలో పెట్టాడనుకోండి, ఆ పొద్దున రైతు అరక కట్టి దున్నింది అప్పటికే సర్కారు భూమి. చట్టం రాసినవాడికి ఇది చిన్న సౌకర్యం. రాత్రి పడుకునేటప్పుడు పట్టాదారు, తెల్లవారేసరికి ఎవరూ కాదు.

యజమాని తొందరగా దొరక్కపోయినా, భూమి మీద తగాదా ఉన్నా నోటీసు కూడా అక్కర్లేదు, గెజిట్‌లో అచ్చు వేస్తే సరి. గెజిట్ చదివే రైతు ఎవరో ఎడిటర్ గారే చెప్పాలి.

మరి డబ్బు? 1939 నాటి డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం 19వ సెక్షన్ దాని సంగతి చెబుతుంది. ఒప్పందం కుదిరితే ఆ మొత్తం ఇస్తారు. కుదరకపోతే హైకోర్టు జడ్జి అయ్యే అర్హత ఉన్న ఒకరిని మధ్యవర్తిగా వేస్తారు. ఆయన 1894 భూసేకరణ చట్టం 23వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్‌ను దృష్టిలో పెట్టుకుని ధర కట్టాలి. మొదటి ఉపసెక్షన్ మాత్రమే. ఇక్కడే నేను పుస్తకం మూసి మళ్లీ తెరిచాను. ఎందుకంటే రెండో ఉపసెక్షన్‌లో ఉన్నది పదిహేను శాతం.

ఆ పదిహేను శాతం భూమి ధరలో భాగం కాదు. 'అమ్మను మొర్రో' అంటున్నా వినకుండా తీసుకున్నందుకు, ఆ బలవంతానికి కట్టిన వెల. వకీళ్లు సొలేషియం అంటారు. 1894లో తెల్లదొరల చట్టమే దాన్ని ఇచ్చింది. రైల్వే కోసం భూమి పోయినవాడికి ఉంది, యుద్ధం కోసం పోయినవాడికి లేదు. మధ్యవర్తి ఎప్పటిలోగా తేల్చాలో గడువు కూడా లేదు.

ఇప్పుడు వార్ధాకు పోదాం. 1942 జులై. కాంగ్రెస్ కార్యవర్గం సమావేశమైంది. 'క్విట్ ఇండియా' తీర్మానం అక్కడిదే కాబట్టి దాని పక్కనే పుట్టిన ఇంకో తీర్మానాన్ని ఎవరూ పట్టించుకోరు. ఊళ్లు ఖాళీ చేయించడం, భూములు, పడవలు, బండ్లు స్వాధీనం చేసుకోవడం మీద అది. గొప్ప మాటలు లేవు అందులో. రైతు ఇంటి అరుగు మీద కూర్చుని రాసినట్టుంటుంది. చెట్లకు, బావులకు, నీటి కాలువలకు కూడా వెల కట్టాలంది. భూమికి బదులు వీలైతే భూమే ఇవ్వాలంది. పొలంలో చాలాభాగం పోయి మిగిలిన ముక్క సేద్యానికి గిట్టకపోతే ఆ ముక్కా కొనాలంది. పొలమంతా తీసుకుని ఇల్లొక్కటే మిగిలిస్తే, రైతు కోరితే ఇల్లూ కొనాలంది. సామాను మోయించుకునే ఖర్చు, కొత్తచోట కుదురుకునేదాకా తిండి ఖర్చు ఇవ్వాలంది. డబ్బు జిల్లా కేంద్రంలో కాదు, అక్కడికక్కడే బాధ్యత గల అధికారి చేతుల మీదుగా ఇవ్వాలంది. ధర మీద పేచీ ఉంటే సర్కారు చెప్పిన మొత్తం ముందు ఇచ్చేసి ఆ తర్వాత వాదులాడుకోవాలంది.

తాత్కాలికంగా తీసుకున్న సాగుభూమికి, పోయిన ప్రతి పంటకు పూర్తి విలువ, దాని మీద పదిహేను శాతం ఇవ్వాలంది. సైన్యం వెళ్లిపోయాక నేలను మళ్లీ దున్నుకునేలా చేసుకోవడానికయ్యే ఖర్చు వేరే.

అదిగో, మళ్లీ అదే అంకె. 1894లో భూమి విలువ మీద, ఇక్కడ పంట విలువ మీద, రెండూ ఒకటి కావు, ఒప్పుకుంటాను. కానీ ఆ కార్యవర్గంలో వకీళ్లకు కొదవ లేదు. చట్టం మింగేసిన అంకెను వాళ్లు ఊరికే పట్టుకొచ్చారని నేననుకోను. మన పట్టాభి సీతారామయ్య గారూ ఆ కార్యవర్గ సభ్యులే. నెల తిరిగేసరికి, ఆగస్టు 9న, అందరూ అరెస్టయ్యారు. తీర్మానం కాగితంగానే ఉండిపోయింది.

కాగితంగా ఉండిపోయిందని తెల్లవాణ్ణి తిట్టి ఇక్కడితో ముగించొచ్చు. ఎడిటర్ గారికి అదే ఇష్టం కూడా. కానీ యుద్ధం అయిపోయాక 1947 చట్టం ఆ స్వాధీనాలను కొనసాగించింది. తర్వాత 1952లో స్థిరాస్తుల స్వాధీన, సేకరణ చట్టం వచ్చింది. చేసింది వార్ధాలో కూర్చున్న పార్టీ ప్రభుత్వమే. అందులో సొలేషియం లేదు. అదనంగా ఒక మెలిక ఉంది. భూమిని శాశ్వతంగా తీసుకుంటే సేకరణ నాటి ధర, లేదా స్వాధీనం చేసుకున్ననాటి ధరకు రెండింతలు, రెండింట్లో ఏది తక్కువైతే అది ఇస్తారు. ఉదాహరణకు 1942లో ఎకరం వంద, సేకరణ నాటికి ఆరు వందలు అనుకోండి. రైతుకు దక్కేది రెండు వందలు. పదేళ్లు భూమి మీద కూర్చున్నవాడికే లాభం. ఆ 'రెండింతలు' మెలికను 1960ల చివర్లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పదిహేను శాతం మాత్రం తిరిగి రాలేదు. ఈ చట్టం కింద సొలేషియం ఇవ్వక్కర్లేదని 1992లో అదే కోర్టు చెప్పింది.

ఇప్పటి 2013 చట్టం ఉదారమైనదే, సొలేషియం నూటికి నూరు. అత్యవసరమని హడావుడిగా తీసుకుంటే పరిహారం మీద ఇంకో 75 శాతం అదనం. ఆ వాక్యం కింద ఒక మినహాయింపు ఉంది. దేశ భద్రత, వ్యూహాత్మక అవసరాల ప్రాజెక్టయితే ఆ 75 ఇవ్వక్కర్లేదు. అంకె మారింది, కోత పడే చోటు మారలేదు.

బాక్సు: గుడి జోలికి పోరు
75-ఎలో ఒక మినహాయింపు: పూజకు, ప్రార్థనకు వాడే ఆస్తిని స్వాధీనం చేసుకోకూడదు. తెల్లదొరకు దేవుడి భయం కంటే జనం భయమే ఎక్కువని నా అనుమానం. సొంత దేశంలో వాళ్లేం చేశారంటే, 1943 చివర్లో ఇంగ్లండులోని ఇంబర్ ఊరిని నెలన్నరలో ఖాళీ చేయించారు. సైన్యం శిక్షణకు. ఆ ఊరివాళ్లను మళ్లీ కాపురానికి రానివ్వలేదు. చర్చి మాత్రం ఉంది.

బాక్సు: మామునూరు
వరంగల్ దగ్గరి మామునూరు విమాన మైదానం 1930 నాటిది, నిజాం కట్టించింది. దాన్ని మళ్లీ తెరిచేందుకు అదనంగా కావలసిన 253 ఎకరాల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్లు విడుదల చేసింది. అక్కడి రైతులు అడిగింది భూమికి భూమి. వార్ధా తీర్మానం వాళ్లు చదివి ఉండరు.

రన్‌వే ఫొటో దొరకలేదు, ఎడిటర్ గారు మన్నించాలి. పాఠకులకు ఒక మనవి. కోస్తాలో మీ తాతల నాటి ట్రంకుపెట్టెలో 1942-46 మధ్య భూమి స్వాధీనం నోటీసు గానీ, మధ్యవర్తి ఇచ్చిన అవార్డు కాగితం గానీ ఉంటే తీసి చూడండి. స్వాధీనం తేదీ, డబ్బు ముట్టిన తేదీ, ఈ రెండూ ఒక చీటీ మీద రాసి, కాగితం నకలుతో పత్రికకు పంపండి. అసలు పంపకండి, ఇంట్లోనే దాచుకోండి.