గర్భస్థ శిశువుకు పౌష్టికాహారమే రక్ష – కల్లు, సారాలతో ముప్పు

గర్భిణి సేవించిన మద్యం మాయ ద్వారా శిశువు రక్తంలోకి చేరుతుంది. పరిణతి చెందని శిశువు కాలేయం దానిని త్వరగా విచ్ఛిన్నం చేయలేదు. ఫలితంగా ఎదుగుదల మందగించడం, 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో జన్మించడం, మెదడు శాశ్వతంగా దెబ్బతినడం సంభవించవచ్చు. ఈ లక్షణాలకు 1973లో అమెరికా వైద్యులు ‘ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు.

కల్లు బలమిస్తుందన్న నమ్మకం సరికాదు. పులిసిన కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది. గర్భిణులకు సురక్షితమైన మోతాదు ఏదీ లేదు. మద్యం ఫోలిక్ యాసిడ్ శోషణకు అడ్డుపడుతుంది. కాబట్టి మంచి ఆహారం, మాత్రలు తీసుకున్నా ఆ హాని తొలగిపోదు.

తెలంగాణలో 2015 జనవరి 1న ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు అంగన్‌వాడీల్లో ఒక పూట భోజనం, గుడ్డు, 200 మి.లీ. పాలు సమకూర్చింది. భోజనానికి వచ్చిన గర్భిణిని మందలించకుండా ఈ అలవాటు గురించి అడిగి తెలుసుకోవడానికి అంగన్‌వాడీ కేంద్రమే తగిన చోటు. ఏ నెలలో మానినా శిశువుకు మేలే. తీవ్రంగా అలవాటుపడినవారు మాత్రం వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి.