నీటిలో పురుగుమందుల అవశేషాలు: సూక్ష్మ నిష్కర్షణ బలం, పరిమితి

బావులు, చెరువుల నీటిలో పురుగుమందుల అవశేషాలను లీటరుకు మైక్రోగ్రాముల స్థాయిలో కొలవవలసి ఉంటుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం గరిష్ఠ పరిమితి క్లోరిపైరిఫాస్‌కు లీటరుకు 30 మైక్రోగ్రాములు, మోనోక్రోటోఫాస్‌కు 1 మైక్రోగ్రాము మాత్రమే. ఇంత స్వల్ప పరిమాణాన్ని గుర్తించాలంటే ముందుగా అవశేషాలను నీటి నుండి వేరుచేసి గాఢపరచాలి. సంప్రదాయ పద్ధతిలో లీటరు నీటిని 60 మిల్లీలీటర్ల డైక్లోరోమీథేన్‌తో మూడుసార్లు కుదిపి వేరుచేస్తారు. ఇందుకు సమయమూ ఎక్కువే, మిగిలే విషద్రావణి వ్యర్థమూ ఎక్కువే.

ఇరాన్ శాస్త్రవేత్తలు రెజాయీ, అస్సాదీ బృందం 2006లో ప్రకటించిన విక్షేపణ ద్రవ–ద్రవ సూక్ష్మ నిష్కర్షణ ఈ భారాన్ని తగ్గించింది. అదే సంవత్సరం సేంద్రియ భాస్వర పురుగుమందులకు వర్తింపజేసిన విధానంలో, 12 మైక్రోలీటర్ల క్లోరోబెంజీన్ కలిపిన 1 మిల్లీలీటరు అసిటోన్‌ను 5 మిల్లీలీటర్ల నమూనాలోకి సిరంజితో వేగంగా చిమ్ముతారు. అసిటోన్ రెండు ద్రవాలలోనూ కలుస్తుంది. అందువల్ల క్లోరోబెంజీన్ అతి సూక్ష్మ బిందువులుగా చెదిరి నీరు తెల్లగా మబ్బుపడుతుంది. బిందువుల ఉపరితలం విశాలం కావడంతో అవశేషాలు త్వరగా వాటిలోకి చేరతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినప్పుడు నీటికంటే బరువైన క్లోరోబెంజీన్ అడుగున చేరుతుంది. దానిని గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో పరీక్షిస్తారు.

5 మిల్లీలీటర్లలోని అవశేషమంతా అడుగునున్న 5 మైక్రోలీటర్లలోకి చేరితే గాఢత 1000 రెట్లు పెరుగుతుంది. నీటిలో అతి తక్కువగా కరిగే క్లోరిపైరిఫాస్ వంటి మందుల విషయంలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. అయితే రెండు ద్రవాలలోనూ సమానంగా కరిగే రసాయనమైతే, ఆ 5 మైక్రోలీటర్లలోకి చేరేది సుమారు వెయ్యో వంతే. మన పత్తి ప్రాంతాలలో విరివిగా వాడిన మోనోక్రోటోఫాస్ నీటిలో పూర్తిగా కలిసిపోయే మందు. దానిని ఈ పద్ధతితో వెదికి ‘అవశేషాలు లేవు’ అని నివేదిస్తే, కలుషితమైన నీటిని సురక్షితమని చెప్పినట్లే అవుతుంది. అటువంటి మందులకు ఎల్‌సీ–ఎంఎస్/ఎంఎస్ విశ్లేషణ తగినది.

విద్యార్థులు పద్ధతిని ఎంచుకునే ముందు ప్రతి మందుకూ నీటిలో కరిగే గుణాన్ని, ఆక్టనాల్–నీరు విభజన గుణకాన్ని పరిశీలించాలి. స్వేదనజలంతో సంతృప్తి పడక, మట్టి కణాలు, సేంద్రియ పదార్థం ఉన్న అదే చెరువు నీటికి తెలిసిన మోతాదు కలిపి, ఎంత శాతం తిరిగి లభిస్తుందో నిర్ధారించుకోవాలి. విస్తరణ శాస్త్రవేత్తలు కూడా నివేదికలో ఏ పద్ధతి వాడారో, ఏ మందులకు పరీక్షించారో, గుర్తింపు పరిమితి ఎంతో చూసిన తరువాతే రైతులకు ఫలితం తెలియజేయాలి.