పెరట్లో కోళ్ళు, మిద్దెమీద తేనెపెట్టె: చట్టం ఏమంటుంది?

తిరుపతిలో, చిత్తూరులో సొంతిల్లు కట్టుకున్నవాళ్ళు తరచూ అడిగే మాట ఇది: నాలుగు నాటుకోళ్ళు పెంచుకోవచ్చా? మిద్దెమీద తేనెపెట్టె పెడితే పక్కింటివాళ్ళు కేసు పెడతారా? అమెరికాలో చాలా ఊళ్ళు ఇంటికి ఇన్ని పెట్టలే ఉండాలని, పుంజు కూడదని రాసిపెట్టుకుంటాయి. మన దగ్గర నాలుగైదు చట్టాల్లో చెదురుమదురుగా ఉన్న మాటల్ని కలిపి చదువుకోవాలి.

ముందు మున్సిపల్ చట్టం. తిరుపతి 2007లో, చిత్తూరు 2012లో కార్పొరేషన్లయ్యాయి. మున్సిపల్ చట్టాల చూపంతా వ్యాపారం మీద, పరిశుభ్రత మీద ఉంటుంది. పందుల్ని పెంచాలన్నా, పశువుల్ని కట్టి పాలు అమ్మాలన్నా అనుమతి తీసుకోవాలి. ఇంట్లో గుడ్ల కోసం పెంచే కోళ్ళ సంగతి వేరు. వాటి విషయంలో గొడవ మొదలయ్యేది రెట్టల వాసనతోనే. ఈమధ్య పుంగనూరు ఆవును ముచ్చటపడి కొంటున్నవాళ్ళు ఎక్కువయ్యారు. సుమారు మూడడుగుల ఎత్తుండే పొట్టి ఆవైనా, పేడ, గంజు పోవడానికి దారి లేని మిద్దింటికి అది తగదు. రోడ్డుమీదికి వదిలితే పొట్టిదైనా పొడుగుదైనా బందెలదొడ్డికే.

రెండోది పొరుగువారి హక్కు. పెంచుకునే జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా యజమాని తగిన జాగ్రత్త తీసుకోకపోతే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వీధికంతా ఇబ్బందిగా మారితే తొలగించమని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఉంది.

ఇక తేనెటీగలు. వాటర్ ట్యాంకుల కింద, పెద్ద భవనాల అంచుల్లో వేలాడే పెద్ద పట్టు కొండతేనెటీగలది. అవి వెలుతురులో ఒకే పట్టు పెడతాయి కాబట్టి పెట్టెలో ఇమడవు. పొగబెట్టి, నిప్పుపెట్టి వాటిని రెచ్చగొట్టడమే చాలా ప్రమాదాలకు మూలం. చెట్టుతొర్రల్లో, గోడసందుల్లో చీకటిలో వరుసగా పట్లు పెట్టే దేశవాళీ ఈగే పెట్టెలో ఒదుగుతుంది. మామిడిపూత, చింత, కానుగ, వేప ఉన్న చిత్తూరు ప్రాంతంలో దానికి మేతకు కొదవలేదు.

పెట్టె ద్వారం పక్కింటి వైపు ఉండకూడదు. ఎదురుగా ఆరడుగుల గోడో, దట్టమైన కంచో ఉంటే ఈగలు పైకి లేచి మనుషుల తలల మీదుగా పోతాయి. స్టాండు కాళ్ళకింద నీళ్ళగిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. ఇంకో వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు వేసి, అవి మునగకుండా నీళ్ళు పోయాలి. అది లేకపోతే ఎండాకాలం ఈగలన్నీ పక్కింటి కుళాయి చుట్టే చేరతాయి. తగాదా అక్కడే పుడుతుంది. అపార్ట్‌మెంట్ మిద్దె అందరిదీ కాబట్టి అందరి సమ్మతి తీసుకోవాలి. ఈగ కుడితే ఒళ్ళంతా వాచి ఊపిరాడనివాళ్ళు చుట్టుపక్కల ఉన్నారని తెలిస్తే పెట్టె ఆలోచన మానుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

తిరుపతికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది: శేషాచలం అడవి. ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలోకే చిరుతలు వచ్చిపోతున్నాయి. కొండవారన ఉన్న కాలనీల్లో మేకను ఆరుబయట కట్టేసి పడుకోవడం చిరుతను పిలిచినట్టే. పైకప్పు, గట్టి తలుపు ఉన్న కొట్టం ఉండాలి. కోళ్ళ గూటికి సన్నకన్ను ఇనుప జాలీ ఉంటే పాములూ దూరవు.

పంజరంలో రామచిలుక, తొట్టిలో నక్షత్ర తాబేలు ఉంచుకోవడం మాత్రం నేరం. పక్కింటివాళ్ళకు అభ్యంతరం లేకపోయినా వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. చిలుక విషయంలో మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది. లవ్‌బర్డ్స్‌కు ఆ నిషేధం లేదు. పందెంకోడిని పెంచడం తప్పుకాదు, బరిలో దింపడమే తప్పు.

కోళ్ళు ఉన్నట్టుండి వరుసగా చస్తే చెత్తకుండీలో పారేయకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు రోగం బయటపడ్డ చోటి నుంచి కిలోమీటరు పరిధిని కట్టడి ప్రాంతంగా ప్రకటించారు. అందుకని పశువైద్యశాలకు వెంటనే చెప్పాలి. పల్లెల్లో సచివాలయంలోని పశుసంవర్ధక సహాయకుడికి చెప్పినా సరిపోతుంది.