పెట్టెలో జపాను వేసవి.. జాడీలో మన వేసవి

ఉదయగిరి: మండుటెండలో సోడా బంకు ముందు ఆగటం, 'కీచు'మంటూ గోలీ లోపలికి దిగటం మెట్ట ప్రాంత ప్రజలకు కొత్త కాదు. అయితే ఇదే గోలీ సీసా జపాను దేశంలోనూ వేసవి పానీయంగా చెలామణీ అవుతోందనీ, అక్కడి చిరుతిళ్ళతో పాటు దేశదేశాలకు వెళుతోందనీ ఎందరికి తెలుసు?

పత్రికకు చందా కట్టినట్లే, చందా కట్టినవారి ఇంటికి నెలనెలా జపాను చిరుతిళ్ళ పెట్టె పార్శిలులో వస్తుంది. గత పది, పదిహేనేళ్ళలో పెరిగిన వ్యాపారమిది. రుతువును బట్టి లోపలి సరుకు మారుతుంది. వేసవి పెట్టె అంటే అక్కడి జూలై, ఆగస్టు నెలలది. జూన్‌లో వానలు కురిసి, ఆ తర్వాత ఉక్క, ఎండ ముదురుతాయి. 2025 ఆగస్టు 5న ఇసెసాకి పట్టణంలో 41.8 డిగ్రీల వేడి నమోదై అప్పటివరకు ఉన్న రికార్డులన్నీ చెరిగిపోయాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండను భరించే ఆత్మకూరు, ఉదయగిరి వాసులకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

వేసవిలో బంధువులకు, పెద్దలకు కానుకలు పంపుకోవటం జపానులో పాత ఆచారం. దాన్ని 'ఒచూగెన్' అంటారు. కూతురి అత్తవారింటికి మనవాళ్ళు సారె పంపినట్లే, వారూ తిండి పదార్థాలు అందంగా సర్ది పంపుతారు. అలాంటి దేశానికి పెట్టె సర్దటం కొత్త విద్య కాదు.

పెట్టె విప్పితే..

ఇంతకీ జపాను వారు వేసవిలో తినే వాటిలో మనకు బొత్తిగా తెలియనివి తక్కువే. 'మిజు యోకన్' అనే మిఠాయిని అజుకి అనే ఎర్రటి గింజలతో చేస్తారు. ఇవి మన పెసలు, మినుములు, అలసందలకు దాయాదులు. గింజలను ఉడికించి, మెత్తగా నూరి, చక్కెర చేర్చి, సముద్రపు నాచు నుంచి తీసిన పదార్థంతో గడ్డ కట్టిస్తారు. ముట్టుకుంటే తాటి ముంజలా వణుకుతుంది. నెయ్యి, యాలకులు లేని బొబ్బట్టు పూర్ణం చల్లగా తిన్నట్లుంటుంది.

'సెంబే' అనేది బియ్యపు బిళ్ళ. ఎండబెట్టి, సెగ మీద కాల్చి, సోయా రసం పూస్తారు. మన వడియం నూనెలో వేగుతుంది, అది నిప్పు మీద కాలుతుంది. తేడా అంతే. వేయించిన బార్లీ గింజలను కాచి చల్లార్చిన నీళ్ళు 'ముగిచా'. మన ఇళ్ళల్లో రాగి అంబలి చేసే పని అక్కడ అది చేస్తుంది.

అన్నిటికన్నా దగ్గర చుట్టం 'ఉమెబోషి'. ఉమె అనే పుల్లటి కాయలను జూన్‌లో ఉప్పులో ఊరవేసి, జూలై చివర మూడు రోజులు ఎండబెడతారు. ఉప్పులో ఊరి ఎండిన నిమ్మకాయ ముక్కను నాలుక మీద వేసుకున్నవారికి ఆ పులుపు ఇట్టే తెలిసిపోతుంది. వారు అన్నం ముద్ద మధ్యలో పెట్టుకుంటారు, మనం సద్దన్నంలో నంజుకుంటాం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పుకోవాలి. జపాను కారపు, ఉప్పు తిళ్ళలో చేప రసం కలవటం మామూలే. శాకాహారులు అట్ట మీద రాసినది చదివించుకుని మరీ తినాలి.

గోలీ పుట్టిల్లు

గోలీ సీసా మనదీ కాదు, జపాను వారిదీ కాదు. ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఇంజనీరు 1872లో దీనికి పేటెంటు పొందాడు. సీసాలో నీళ్ళు, గ్యాసు నింపి తలక్రిందులు చేస్తే, లోపలి ఒత్తిడికి గోలీ మూతి దగ్గరి రబ్బరు ఉంగరానికి బిగుసుకుంటుంది. వేరే మూతతో పని లేదు. 1884లో అలెగ్జాండర్ సిమ్ అనే స్కాట్లండు వ్యాపారి జపానులోని కోబే పట్టణంలో నిమ్మ రుచి సోడా అమ్మటం మొదలుపెట్టాడు. లెమనేడ్ అన్న మాట అక్కడివారి నోట 'రామునే' అయింది. నేటికీ అక్కడి వేసవి తిరునాళ్ళలో పిల్లల చేతుల్లో ఆ సీసాలే కనిపిస్తాయి.

మన దేశంలో గోలీ సోడా తీరు వేరుగా నడిచింది. 1977లో దేశం విడిచిన కోకాకోలా 1993లో తిరిగి వచ్చింది. ఆ తర్వాత శీతల పానీయాల పోటీకి, ప్లాస్టిక్ సీసాల రాకకు చిన్న సోడా తయారీదారులు నిలవలేకపోయారు. కాగా 2025 మార్చిలో కేంద్ర వ్యవసాయ ఎగుమతుల సంస్థ 'అపెడా' ఇదే గోలీ సోడాకు కొత్త పేరు పెట్టి అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాలకు పంపుతున్నట్లు ప్రకటించటం విశేషం. ఇక్కడ చిన్నచూపు చూసిన సీసాకు పరదేశంలో గిరాకీ ఉందని దీనితో తేలింది.

నిమ్మ రైతుకు ఏమిటి?

ఈ కథలో జిల్లాకు గట్టిగా తగిలేది నిమ్మ. నిమ్మ వ్యాపారానికి గూడూరు, పొదలకూరు పేరు పొందాయి. ఆత్మకూరు, ఉదయగిరి పక్కనా తోటలున్నాయి. 2022 ఏప్రిల్‌లో చిల్లర అంగళ్ళలో కిలో నిమ్మ 200 రూపాయలు దాటి దేశమంతటా వార్త అయింది. అదే కాయ, కాపు విరగకాసే నెలల్లో కోత కూలికి కూడా చాలని ధర పలికిన సందర్భాలు రైతులకు తెలియనివి కావు. ధర ఉన్నప్పుడు కాయ ఉండదు, కాయ ఉన్నప్పుడు ధర ఉండదు.

జపానులో ఉమె పంటలో సగానికి పైగా ఒక్క వాకయామా రాష్ట్రానిదే. అక్కడి మినాబే ప్రాంత రైతులు కాయను పచ్చిగా తెగనమ్ముకుని ఊరుకోరు. తామే ఉప్పులో ఊరవేసి, ఎండబెట్టి, ఆపైన కంపెనీలకు అమ్ముతారు. ఉప్పు పట్టిన కాయ ఏళ్ళ తరబడి నిలుస్తుంది కనుక ధర లేని రోజున తొందరపడే అవసరం లేదు. ఈ సాగు పద్ధతిని 2015లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

ఊరవేయటం మన ఆడవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. తెలియనిది ఆ తర్వాతి పని. ఒక జాడీ రుచి మరో జాడీకి ఉండదు. కొనేవాడు ప్రతిసారీ అదే ఉప్పు, అదే కారం కోరతాడు. ఉప్పు తూచి వేయాలి, తడి తగలకుండా మూత బిగించాలి, బరువు, తయారైన తేదీ, ఎన్నాళ్ళు నిలుస్తుందో అట్ట మీద రాయాలి. ఆహార భద్రతా శాఖ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు ఉండాలి. ఇంటికి ఒకరుగా కాక పదిమంది కలిస్తే పార్శిలు ఖర్చు తగ్గుతుంది. కేంద్రం 2020లో ప్రారంభించిన చిన్న ఆహార పరిశ్రమల పథకంలో యంత్రాలకు 35 శాతం రాయితీ కూడా పెట్టారు.

ఊరి సరుకు పరాయి చోట అమ్ముడుపోతుందా అన్న సందేహానికి ఉదయగిరిలోనే జవాబు ఉంది. దుర్గం కొండల కొయ్యతో ఇక్కడ చెక్కే చెంచాలు, గరిటెలు భౌగోళిక గుర్తింపు పొంది దూర ప్రాంతాలకు వెళుతున్నాయి. గరిటె వెళ్ళిన దారిన ఊరగాయ వెళ్ళటానికి అడ్డేమీ లేదు.

అన్నీ పెట్టెకు ఎక్కవు. ముంజ కాయ కొట్టిన పూటే, చెట్టు కిందే తినాలి. సోడా సీసా బరువు కనుక పార్శిలు ఖర్చు భారమవుతుంది. ఎండిన నిమ్మకు, వడియానికి ఆ చిక్కు లేదు. పైగా నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లోనే. కాయ చవకయ్యే ఆగస్టులో మెట్ట ప్రాంతాన ఎండకు కొదవ ఉండదు. ఒక బస్తా కాయ, దానికి సరిపడా ఉప్పు, నాలుగు చాపలు చాలు, ఈ ఏడే మొదలుపెట్టి చూడవచ్చు.